అకాల్ అంటే అకాలం కాదు

తెనాలి

యాత్ర అని పేరు పెట్టడానికి మొహమాటపడేంత దగ్గర దూరం వెళ్లివచ్చాను. తెనాలిలో బయలుదేరి అమృతలూరు, బాపట్ల, నగరం మీదుగా రేపల్లె చేరాను. బస్సులో అయితే ఒక్క రోజులో చుట్టి రావచ్చు. పంజాబు నుంచి వచ్చిన వరికోత మిషను వెంట, అది ఆగిన ప్రతి చేను గట్టునా ఆగుతూ పోయినవారు మాత్రం ఇది చదివేవారిలో ఎవరూ ఉండరనుకుంటాను. కాశీ గురించి, హరిద్వారం గురించి రాసినప్పుడు నేను చూసినవి రాశాను. ఈసారి నేను చేసింది రాయాలి. అందుకే కలం కదలడానికి ఇన్నాళ్లు పట్టింది.

నేను హిందీ పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. మా పెన్షనర్ల సంఘంలో నెలకొకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడతారు. నా వంతు వచ్చినప్పుడు సిక్కుల దైవభావన తీసుకున్నాను. దేవుడు ఒక్కడే, రూపం లేనివాడు, ఏ తల్లి కడుపునా పుట్టనివాడు, కాలానికి లొంగనివాడు కనుక ఆయన్ని అకాల్ అంటారు, మనిషికీ ఆయనకూ మధ్య అడ్డుగోడ ‘నేను’ అనుకోవడమే, దాన్ని వాళ్లు హౌమై అంటారు అని గంటసేపు చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. నిజానికి అప్పటికి నేను ఒక్క సిక్కుతో కూర్చుని టీ అయినా తాగి ఎరగను. క్లాసులో పిల్లలు కునుకుతుంటే సర్దార్జీ జోకులు చెప్పి లేపేవాణ్ణి. వాళ్లతో నా పరిచయం అంతవరకే.

అంగలకుదురు నుంచి మా బావమరిది శేషు ఫోను చేశాడు. కోతల కాలంలో రైతులకు మిషన్లు మాట్లాడిపెట్టడం వాడి పని.

“బావా, నాకు జొరం పట్టుకుంది. పంజాబీ ఆయన మిషనేసుకుని దిగాడు. ఇన్నాళ్లూ తెలంగాణలో తిప్పాడంట, మనవైపు కొత్త. పక్కన హిందీ వచ్చినోడు ఉండాలి. నువ్వు ఖాళీయేగా?”

“ఖాళీ ఏంట్రా, నాకు రాసుకునే పనుంది.”

“రాసుకుందువులే బావా, గట్టు మీద కూర్చుని రాసుకో. తిండి మనదే.”

మా ఆవిడ ఆ మాట విని, “వెళ్లి రండి. నాలుగు రోజులు నా మాటల్లో తప్పులు వెతికేవాళ్లుండరు” అంది. నాకూ లోపల సరదాగానే ఉంది. ఉపన్యాసంలో చెప్పిన మనిషిని కళ్లారా చూడవచ్చు, నా హిందీ ఇంకా పనికొస్తుందని పదిమందికీ తెలుస్తుంది. రెండో కోరికే పెద్దది.

అంగలకుదురు

మిషను చేను పక్కన డొంకలో నిలబడి ఉంది. చక్రాలుండవు, గొలుసు పట్టీల మీద నడుస్తుంది. మన తడి చేలలోకి అదే దిగగలదు. అద్దె గంటకు మూడు వేల పైమాట. దాని నొసట పసుపు రంగుతో ఒకటి అంకె, పక్కనే ఒక అక్షరం, దాని మీదుగా సాగిన ఒంపు గీత.

“ఏంటిది, నంబర్ వన్ మిషనని రాయించుకున్నాడా?” అన్నాడొక రైతు.

అది ఏక్ ఓంకార్. దేవుడి గురించి చెప్పే ముందు వాళ్లు మాటతో మొదలుపెట్టరు, అంకెతో మొదలుపెడతారు. మాటకు పది అర్థాలు లాగవచ్చు, ఒకటిని మాత్రం ఎవరూ రెండు చేయలేరు. ఉపన్యాసంలో ఈ వాక్యానికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. గట్టు మీద మాత్రం చెప్పాలనిపించలేదు.

మిషను మీద నుంచి బల్కార్ సింగ్ దిగాడు. అరవైకి దగ్గరున్న మనిషి. నీలం తలపాగా, నెరిసిన గడ్డం, మోకాళ్ల దాకా బురద. గట్టు మీద అందరికీ చేతులు జోడించి “సత్ శ్రీ అకాల్” అన్నాడు. తర్వాత, తనకూ తెలుగు వచ్చని చూపించుకోవడానికి, “ఏంది అన్నా, మంచిగున్నవా?” అన్నాడు.

“ఇక్కడ ఏంది కాదు సర్దారూ, ఏంటి!” అని ఒకడు దిద్దాడు. ఆయన “ఏంటి, ఏంటి” అని అప్పజెప్పుకున్నాడు.

“ఆ మొదటి మాటేంటి మాస్టారూ? అకాలేంటి?” అని ఇందాక నంబర్ వన్ అన్న రైతే నన్నడిగాడు.

అందరూ నా వైపు తిరిగారు. పది మొహాలు నావైపు తిరిగితే నాకు క్లాసు గుర్తొస్తుంది, నోరు ఆగదు.

“అకాలం తెలీదటయ్యా? మనకి సరిగ్గా కోతలప్పుడు పడుద్దే, వాన. దాన్ని వెంటబెట్టుకొచ్చానని దణ్ణం పెడుతున్నాడు.”

గట్టంతా విరగబడి నవ్వింది. బల్కార్ సింగ్ కూడా వాళ్లతోపాటు నవ్వి, ఏమంటున్నారని నన్నడిగాడు. మీ పలకరింపు బాగుందంటున్నారని చెప్పాను. ఆయన సంబరపడి, ఈసారి ఇంకా గట్టిగా, ఒక్కొక్కరి వైపూ తిరిగి ఆ మాటే అన్నాడు. నవ్వు రెట్టింపయింది.

చదివేవారికి విడమర్చి చెప్పాలి. రెండూ ఒక్క మాటే. కాలం ముందు ‘అ’ చేర్చి మనం కాలం తప్పి వచ్చిన దాన్ని అకాలం అన్నాం. వాళ్లు అదే ‘అ’ చేర్చి, కాలం తాకలేని దానికి పేరు పెట్టుకున్నారు. ఈ తేడా నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను. నాలుగు నవ్వుల కోసం అన్నాను.

అమృతలూరు

మేము అమృతలూరు చేరకముందే నా మాట చేరింది. టీ కొట్టు దగ్గర “అకాలం వచ్చాడర్రా” అన్నారు. ఆయన పేరు బల్కార్ అని ఎవరికీ పట్టలేదు. అకాలం సర్దారు, అకాలం మిషను. ఎవరు ఆ పేరు పెట్టి పిలిచినా ఆయన దేవుణ్ణి తలుస్తున్నారనుకుని చేతులు జోడించేవాడు. అది చూసి మరొకరు పిలిచేవారు. నేను పక్కనే టీ తాగుతున్నాను. పది రూపాయల టీ, అల్లం బాగా దంచి వేశారు.

తిండి దగ్గర మాత్రం ఆయనదే పైచేయి. మొదటి రోజు ఇడ్లీల పక్కన పెట్టిన కొబ్బరి పచ్చడిని తీపి అనుకుని గరిటెడు నోట్లో వేసుకుని, కళ్ల నీళ్లు పెట్టుకుని, మర్నాడు మళ్లీ అదే అడిగాడు. మన గేదెల్ని చూసి “ఇవి దూడలా?” అన్నాడు. చుట్ట ఇవ్వబోతే ముట్టలేదు, పొగ వస్తే గాలికి ఎదురు జరిగాడు. పొగాకు వాళ్లకు నిషిద్ధం. మధ్యాహ్నం మిషను పక్కన ఆయనా, మిషనుతో వచ్చిన ఆయన తమ్ముడూ గ్యాసు పొయ్యి మీద రొట్టెలు కాల్చి, పప్పు వండి, ధాన్యం ఎత్తే కూలీలనూ ట్రాక్టరు డ్రైవరునూ చేను ఆసామినీ నన్నూ ఒక్క వరసలో కూర్చోబెట్టారు.

మన దగ్గర ఆసామి అరుగు మీద తింటాడు, కూలీలు గట్టు కింద తింటారు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అలా జరిగిపోతుంది. ఆ రోజు ఆసామికి ఏదో పని గుర్తొచ్చి లేచి వెళ్లిపోయాడు. నేను కూర్చున్నాను, కింద న్యూస్ పేపరు వేసుకుని కూర్చున్నాను. నా పక్కనున్న ఆడమనిషి అది చూసి తను కొంచెం ఎడంగా జరిగింది. అందరిలో ఉన్న వెలుగు ఒక్కటే అనేది వాళ్ల దైవభావనలో ఒక ముక్క. అది కూడా నా ఉపన్యాసంలో ఉంది.

తిని నేను చెయ్యి కడుక్కునే లోపు చిన్న జల్లు పడింది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పైపైన తడిసింది. జనం పట్టాలు కప్పడానికి పరుగెత్తుతూ నవ్వుకున్నారు. “అకాలం అన్నారు, తెచ్చేశాడుగా!” అని అరిచారు. అరిచినవాళ్లలో ఒకాయన మాత్రం నవ్వడం లేదు.

బాపట్ల

మిషనుకు బెల్టు ఒకటి అరిగింది. మిషనును తమ్ముడితో లారీ మీద నగరం పంపించి, బెల్టు కోసం నేనూ బల్కార్ సింగూ బాపట్ల వెళ్లాం.

దారిలో ఒక గుడి చూపించాను. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన, తలగుడ్డ తీసి రమ్మనండి అన్నాడు. మనం దేవుడి ముందు కండువా నడుముకు చుట్టుకుంటాం, తల మీద ఏమీ ఉండకూడదు. వాళ్లకు తల కప్పకుండా దేవుడి ఎదుటికి పోకూడదు. నేను తర్జుమా చేస్తే బల్కార్ సింగ్ పకపకా నవ్వాడు.

“గుడ్డ లేకుండా దణ్ణం పెడితే ఇంట్లో మా ఆవిడ కర్ర తీస్తుంది. గుడ్డ ఉంటే ఇక్కడ ఈయనకు కోపం. ఈ తగువు నాకెందుకు మాస్టర్జీ? మీరు లోపలికి వెళ్లండి, నేను చెప్పులు కాపలా కాస్తాను.”

వెళ్లివచ్చేసరికి నా చెప్పులతోపాటు మరో నలుగురి చెప్పులు కూడా వరసగా సర్ది పెట్టి ఉంచాడు.

సముద్రం ఎప్పుడూ చూడలేదన్నాడు. సూర్యలంక తీసుకెళ్లాను. ప్యాంటు మడిచి, నీళ్లలో అడుగుపెట్టీ పెట్టగానే భార్యకు వీడియో కాల్ చేశాడు. సుర్జీత్ కౌర్ అని, కంఠం ఖంగుమనే ఆవిడ. “ఏదీ, ఆ పక్క గట్టు చూపించు” అంటుంది. “గట్టు లేదే పిచ్చిదానా” అంటాడు ఈయన. నన్ను చూపించి, మాస్టర్జీకి దేవుడి సంగతులు కావాలట, నాకేం తెలుసు, నువ్వు చెప్పు అని ఫోను నా చేతికిచ్చి కెరటాల్లోకి వెళ్లిపోయాడు.

నేను నా పాండిత్యం చూపించాను. మీ దేవుడు సగుణుడా, నిర్గుణుడా అని అడిగాను. ఆవిడ వంటింట్లో ఏదో కలుపుతూ, “రెండూ అంటాం మేము. గుణాలన్నీ ఆయనవే, ఏ గుణమూ ఆయన్ని పట్టి ఉంచదు. నాకు ఇంతకంటే రాదు భాయ్‌సాబ్, గురువుల వాణి చదువుకుంటాను, పప్పు మాడకుండా చూసుకుంటాను” అంది. మరి అకాల్ అంటే అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

“పోయేవన్నీ చూస్తున్నాంగా. మా మామగారు పోయారు, ఆయన నాటిన మామిడి పోయింది. మీరు నిలబడ్డ ఆ సముద్రమూ ఏనాటికో పోతుంది. పోనిది ఒకటుంది. దాన్ని తలుచుకునే మేము ఒకరినొకరు పలకరించుకుంటాం. మీ భాషలో దాన్నేమంటారు?”

“అదే మాట మాకూ ఉంది.”

“అర్థం కూడా అదేనా?”

“దాదాపు అదే” అన్నాను.

బల్కార్ సింగ్ దోసిట్లో నీళ్లు తెచ్చి, ఫోనుకు చూపించి, నాలుకతో రుచి చూసి మొహం వికారంగా పెట్టాడు. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పుడైనా ఆయనతో చెప్పి ఉండవలసింది. బస్సులో చెబుదామనుకున్నాను. బస్సులో ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

నగరం

నగరం దగ్గర పల్లెలో మిషను దిగేసరికి ఆకాశం నల్లగా ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీలో చెప్పారట. అందరికీ మిషను ముందు కావాలి. శేషు పెట్టిన వరస ప్రకారం మొదటి చేను కరుణమ్మది. రెండెకరాల కౌలు. మగడు చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు, సేద్యమంతా ఆమెదే. లూథరన్ చర్చికి పోయే కుటుంబం.

పొద్దున్నే ఆమె గట్టు మీద నిలబడి, చీర కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. బల్కార్ సింగ్ అప్పుడే మిషను స్టార్టు చేశాడు. ఆమెను చూసి ఇంజను ఆపి, దిగి, చేతులు జోడించి నిలబడ్డాడు.

“ఈ బీబీ మా ఊరి మనిషిలా ఉంది మాస్టర్జీ. తల కప్పుకుంది చూడండి” అన్నాడు నాతో మెల్లగా. ఆడవాళ్లను వాళ్లు గౌరవంగా బీబీ అంటారు.

ప్రార్థన అయ్యాక ఆమె మావైపు వచ్చింది. పక్క చేను కోటయ్య, ఇంకో నలుగురు మగాళ్లు అక్కడే ఉన్నారు.

“కరుణమ్మా, ఒకసారి ఆలోచించుకో” అన్నాడు కోటయ్య. “అమృతలూరులో ఈయన కోసి దిగాడో లేదో వానంట. పేరే అకాలమంట. మాస్టారే చెప్పాడంటగా, అడుగు.”

మిగతావాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు.

“మాస్టారూ, మీరు చదువుకున్నోరు. ఆయన పొద్దున్నే మిషనెక్కేటప్పుడు ఎవరి పేరు తలుస్తాడండీ? అకాలమని దేవుడున్నాడా వాళ్లకి? మాది ప్రార్థన చేసుకునే ఇల్లండి. నా చేలో ఎవరి పేరు చెప్పి కోత పెడుతున్నారో నాకు తెలియాలిగా.”

అంత మంచి ప్రశ్న నా ఉద్యోగకాలంలో ఏ పిల్లవాడూ అడగలేదు. జవాబు నా నాలుక చివర ఉంది. కానీ ఆ జవాబు చెప్పాలంటే, మొన్న నేను చెప్పింది అబద్ధమని ముందు ఒప్పుకోవాలి. కోటయ్య నా మొహంలోకి చూస్తున్నాడు, ఇంకో జోకు రాలుతుందని. వాళ్ల ముందు వెటకారం చేసేవాణ్ణే గాని వెటకారమయ్యేవాణ్ణి కాలేకపోయాను.

“ఏదో వాళ్ల ఆచారం లేమ్మా. మనకెందుకు” అన్నాను.

ఆమె తల మీది కొంగు తీసి నడుముకు బిగించుకుంది.

“మనకెందుకంటే ఏదో ఉన్నట్టేగా. వద్దులెండి. ఎల్లుండి మా మరిది కూలోళ్లని తోలుకొస్తానన్నాడు, చేత్తోనే కోయించుకుంటాను.”

“అయితే మిషను ఉత్తినే నిలబెట్టడం దేనికి? మా చేలోకి తిప్పండి” అన్నాడు కోటయ్య, ఆమె మాట పూర్తయ్యీ కాకముందే. ఆయనకు శకునాల పట్టింపు ఏమీ లేదని, కావలసింది వరసలో ముందుకు జరగడమేనని అప్పుడర్థమైంది. అర్థమై కూడా ఊరుకున్నాను.

బీబీ ఎందుకు వద్దంది అని బల్కార్ సింగ్ అడిగాడు. కూలీలు చవగ్గా దొరికారట అన్నాను. “మబ్బు చూడమనండి. రేటు నేనూ తగ్గిస్తానని చెప్పండి” అన్నాడు. చెప్పాను, వినలేదు అన్నాను. ఆమె పక్కనే ఉంది. మా మధ్య హిందీ ఉంది. దాని చాటున ఏ అబద్ధమైనా ఆడవచ్చు.

కోటయ్య చేను కోసి ధాన్యం ఇంటికి చేరాక, సాయంత్రం వాన మొదలైంది. తెల్లవార్లూ కురిసింది. పొద్దున చూస్తే కరుణమ్మ చేను మొత్తం ఒక పక్కకు పడుకుని ఉంది. వెన్నులు నీళ్లలో ఉన్నాయి.

రేపల్లె

తడి నేలలో మిషనును పైకి తీస్తుంటే ముందు భాగాన ఇనుప చట్రం విరిగింది. అతికించడానికి రేపల్లె పట్టుకుపోయాం. లారీ కేబిన్‌లో బల్కార్ సింగ్ బయట పడిపోయిన చేలను చూస్తూ “హుకమ్” అన్నాడు. ఈ జగత్తు దేవుడి ఆజ్ఞలో నడుస్తుందనీ, వానైనా ఎండైనా ఆ ఆజ్ఞేననీ వాళ్ల నమ్మకం. ఆ మాట నాకు దుప్పటిలా అందింది, కప్పుకున్నాను. అంతా హుకమ్ అయితే నా తప్పేముంది? రేపల్లె పొలిమేరకు వచ్చేసరికి ఆ దుప్పటి చాల్లేదు. వాన ఆయన ఆజ్ఞ అయితే కావచ్చు. నోరు మూసుకోవడం మాత్రం నాది.

వెల్డింగు షాపు మస్తాన్‌ది. అతనికి తెలుగెంత వచ్చో ఉర్దూ అంత వచ్చు. పనిచేస్తూ సర్దార్జీతో తిన్నగా మాటల్లో పడ్డాడు. ఇన్ని రోజుల తర్వాత నేను లేకుండా మాట్లాడుకోగల మనిషి ఆయనకు దొరికాడు. నేను స్టూలు మీద కూర్చుని సోడా తాగుతున్నాను.

“ఏంటి సర్దార్జీ, మీరు వానని వెంటేసుకుని తిరుగుతారని నగరమంతా చెప్పుకుంటున్నారే? పేరే అకాలమంట?” అని మస్తాన్ సరదాగానే అన్నాడు, ఉర్దూలో.

బల్కార్ సింగ్‌కు అర్థం కాలేదు. మస్తాన్ విప్పి చెప్పాడు. తెలుగులో ఆ మాటకు అర్థమేమిటో, ఎవరు చెప్పారని జనం అంటున్నారో, ఆ క్రైస్తవ రైతు ఎందుకు మిషను వద్దందని అనుకుంటున్నారో అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ నా మొహం చూసి మధ్యలో ఆగి, “మాస్టారుగారూ, మీరేనా ఆ మాస్టారు?” అని తెలుగులో అడిగాడు. తల ఊపాను. మస్తాన్ ముసుగు మొహం మీదికి దించుకుని పనిలోకి వంగాడు.

బల్కార్ సింగ్ కేకలు వేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది.

“పుట్టినప్పటి నుంచీ నా మీద జోకులు వింటున్నాను మాస్టర్జీ. రైల్లో వింటాను, సినిమాలో వింటాను. నన్ను ఏమైనా అనండి. కానీ అది నా పేరు కాదుగా.”

తప్పయిందన్నాను. హిందీలో క్షమాపణకు ఎన్ని మాటలున్నాయో అన్నీ వాడాను. పాఠ్యపుస్తకంలోలా ఉన్నాయి.

“నేను రోజూ పొద్దున సత్ శ్రీ అకాల్ అంటే మీరూ తిరిగి అనేవారు. అప్పుడు మీరేమనుకుంటూ అనేవారు?”

సోడా సీసా కింద పెట్టాను.

ఆయన మస్తాన్ అతికిస్తున్న చట్రం వైపు తిరిగి అన్నాడు, “ఆ బీబీ చేను ఇంకా కోయొచ్చు. నీళ్లు తీసి రెండు రోజులు ఆరబెడితే, పడిన వైపుకు ఎదురుగా మెల్లగా పోనిస్తాను. కొంత గింజ రాలుతుంది. ఆలస్యమైతే మొలకెత్తుతుంది. కానీ ఆమెకు ఇష్టం లేని చేలోకి నేను దిగను.”

మళ్లీ నగరం

రేపల్లె స్టేషనులో తెనాలి బండి నిలబడి ఉంది. ఎక్కితే ఇల్లు. అబద్ధమెందుకు, టికెట్టు కూడా కొన్నాను. బండి కదిలేముందు దిగి నగరం బస్సెక్కాను.

కరుణమ్మ చేలోనే ఉంది. మోకాటి లోతు బురదలో, పడిపోయిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి లేపి కడుతోంది. వెన్ను నీళ్లలో నుంచి బయటపడితే మొలక ఆగుతుందని ఆశ. పక్కన ఎవరూ లేరు. మరిది తెస్తానన్న కూలీలు వాన తర్వాత ఇంకా రాలేదు.

గట్టు మీద నిలబడి చెబుదామనుకున్నాను. అది మళ్లీ ఉపన్యాసంలా ఉంటుందనిపించి, ప్యాంటుతోనే దిగాను. అంగలకుదురు గట్టు మీద అన్న జోకు మొదలుకొని చెప్పాను. ఆమె చేతులు ఆపలేదు.

“ఈ మాట ఆ రోజు చెప్పాల్సింది మాస్టారూ. ఇప్పుడు చెబితే మీ మనసు తేలికయిద్ది. నా చేను లేచిద్దా?”

“లేవదమ్మా.”

“మరి?”

“ఆయన వస్తానన్నాడు. నువ్వు రమ్మంటేనే.”

ఆమె నడుము ఎత్తి నిలబడింది. “నేనడిగింది చెప్పలేదు మీరు. ఎవరి పేరు తలుస్తాడాయన?”

ఉపన్యాసంలో వాడిన సంస్కృతం మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. వాటిని మింగి, నాకు చేతనైన తెలుగులో చెప్పాను.

“ఉన్నది ఒక్కడేనమ్మా. అంతా చేసినవాడు. ఎవరికీ పుట్టలేదు, ఎప్పటికీ పోడు. అకాల్ అంటే అదే, కాలం వల్ల పోనివాడని. ఎవరికీ భయపడడు. ఎవరి మీదా పగ పెట్టుకోడు. ఆయన దయ ఉంటేనే మనిషికి తెలుస్తాడంటారు.”

“ఇంతేగా?”

“ఇంతే.”

“ఈ నాలుగు ముక్కలు రాలేదా ఆ రోజు మీకు?”

ఆమె గట్టు వైపు తిరిగి కేక వేసింది. “కోటయ్యన్నా, ఇటు రా! అందర్నీ తీసుకురా, మాస్టారు ఏదో చెబుతారంట!”

వాళ్లు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. అంగలకుదురు గట్టు మీద నేను పైన ఉన్నాను. ఇక్కడ నేను కింద, బురదలో ఉన్నాను. “చెప్పండి” అంది కరుణమ్మ. మొదట నా జోకు చెప్పాను, తర్వాత దాని అసలు అర్థం చెప్పాను. సగంలో కోటయ్య, “అయితే హిందీ పంతులుకి హిందీ రాదన్నమాట!” అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. హిందీ వచ్చు, బుద్ధే లేకపోయింది అన్నాను. నవ్వు ఇంకా పెరిగింది. అది తగ్గేదాకా నిలబడి, ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మిగతాది చెప్పాను. ఎవరు నమ్మారో ఎవరు నమ్మలేదో తెలియదు. కోటయ్య మాత్రం కరుణమ్మ వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

“ఆయనకు ఫోను కలపండి” అంది ఆమె. “మాట్లాడేది నేను. మధ్యలో మీరొద్దు.”

కలిపి ఇచ్చాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుంది. ఆమెకు హిందీ రాదు, ఆయనకు వచ్చిన తెలుగు పట్టుమని పది మాటలు. “సర్దార్‌గారూ, నేను, కరుణమ్మని. చేను. రండి” అంది. అటు నుంచి ఆయన ఏదో అన్నాడు, కాస్త పొడుగ్గానే. ఆమె వింటూ వింటూ నవ్వింది.

ఏమన్నాడని నేను అడగలేదు. వంగి, పడి ఉన్న దుబ్బుల్ని పట్టుకున్నాను. నేను కట్టిన మొదటి కట్ట నిలబడలేదు. ఆమె నా ఫోను నా జేబులో వేసి, దాన్ని విప్పి మళ్లీ కట్టింది.